డాక్టరు సంతకం – డ్రైవరు ప్రాణం

ఈ వారం ఉత్తరాల కట్టలో మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం, కనిగిరి వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. రాసినవారు వేరువేరు. ఒకరు లారీ డ్రైవరు భార్య, ఒకరు రిటైరయిన మాస్టారి కొడుకు, ఒకరు ఆటో నడుపుకునే మనిషి. కానీ అందరి ఉత్తరాల్లోనూ డ్రైవింగు లైసెన్సు ప్రసక్తే ఉంది. అందుకని ఈ వారం శీర్షిక మొత్తం దీనికే కేటాయించాను.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. లైసెన్సు కోసం మనకు జరిగే పరీక్షలు నిజానికి రెండు. ట్రాకు మీద కారును ‘హెచ్’ ఆకారంలోనూ, మోటారు సైకిలును ‘8’ ఆకారంలోనూ తిప్పి చూపించడం మొదటిది. అది చేతి నేర్పుకు పరీక్ష. రెండోది ఒంటికి పరీక్ష. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం దరఖాస్తుతోబాటు ‘ఫారం 1’ అనే కాగితం ఇవ్వాలి. మూర్ఛ గాని, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గాని ఉందా? 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా? రేచీకటి ఉందా? హారను వినపడుతుందా? కాళ్లూ చేతుల్లో పట్టు ఉందా? ఇవీ అందులోని ప్రశ్నలు. ఇది మన గురించి మనమే సంతకం పెట్టి ఇచ్చే మాట. 40 ఏళ్లు దాటినవారికీ, లారీ, బస్సు, ఆటో వంటి రవాణా వాహనాలు నడిపేవారికీ డాక్టరు స్వయంగా పరీక్షించి ఇచ్చే ‘ఫారం 1ఎ’ కూడా కావాలి.

మొదటి పరీక్షను ఇన్‌స్పెక్టరు కళ్లారా చూస్తాడు. రెండోది చాలాచోట్ల ఎవరూ ఎవరినీ చూడకుండానే జరిగిపోతోంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. ఇవన్నీ జబ్బుల వల్ల జరిగినవి కావు. కానీ కంటికి, నిద్రకు, ఫిట్సుకు సంబంధించినవి ముందే ఆపగలిగినవి. ఇక ఉత్తరాలు చూద్దాం.

ఫిట్సు దాచిపెట్టవచ్చా?

ప్రశ్న: మావారి వయసు 44. ఇరవై ఏళ్లుగా లారీ నడుపుతున్నారు. కిందటి సంక్రాంతికి ఇంట్లో అన్నం తింటూ పడిపోయారు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోట నురగ వచ్చింది. మళ్లీ శ్రావణ మాసంలో నిద్రలో అలాగే వచ్చింది. ఇప్పుడు లైసెన్సు రెన్యూవల్ చేయించాలి. ఏజెంటు ‘డాక్టరు దగ్గరకు వెళ్లనక్కర్లేదు, సర్టిఫికెట్టు నేనే తెస్తాను’ అంటున్నాడు. నిజం చెబితే జీవనాధారం పోతుంది. ఇద్దరు ఆడపిల్లలు. ఏం చెయ్యమంటారు? – ఒక పాఠకురాలు, గిద్దలూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భయం నాకు అర్థమయింది. అయినా చెప్పవలసిన మాట చెప్పక తప్పదు. మీవారు ఈ రోజు నుంచే లారీ ఎక్కకూడదు. రెన్యూవల్ సంగతి తరవాత.

మొదటిసారి ఇంట్లో వచ్చింది, రెండోసారి నిద్రలో వచ్చింది. మూడోసారి నంద్యాల వైపు నల్లమల ఘాట్ మలుపులో రాదని ఎవరు చెప్పగలరు? ఫిట్సు వచ్చినప్పుడు మనిషికి స్పృహ ఉండదు. బ్రేకు తొక్కాలని తెలియదు. పైగా కాలు బిగుసుకుపోయి యాక్సిలేటరు మీదనే ఉండిపోవచ్చు. క్యాబినులో పక్కన కూర్చున్న క్లీనరూ, ఎదురుగా వచ్చే బస్సులోని మనుషులూ ఆయన్ను నమ్ముకుని ఉన్నవారే గదా!

రెండు నెలలో, ఆరు నెలలో రాలేదు గనుక తగ్గిందనుకోవద్దు. వెంటనే నరాల డాక్టరుకు చూపించండి. తలకు స్కానింగు, ఇ.ఇ.జి. పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష అవసరం కావచ్చు. ఈ వయసులో కొత్తగా ఫిట్సు మొదలయితే కారణం వెతకాలి. పాత దెబ్బ, మెదడులో చేరిన బద్దెపురుగు తాలూకు తిత్తి, గడ్డ, రక్తనాళం మూసుకుపోవడం, తాగుడు ఉన్నట్టుండి మానెయ్యడం – ఏదయినా కావచ్చు. ఫిట్సు వచ్చేవారిలో నూటికి సుమారు 70 మందికి సరయిన మందులు క్రమంగా వాడితే అదుపులోకి వస్తాయి. ఒక్క పూట కూడా మాత్ర మానకూడదు. నిద్ర చెడితే, మద్యం తాగితే మందులు వాడుతున్నా మళ్లీ రావచ్చు. రాత్రిళ్లు లారీ నడపడమంటే నిద్ర చెడగొట్టుకోవడమే కనుక ఈ జబ్బుకు అంతకంటె పనికిరాని ఉద్యోగం లేదు.

ఈసారి వస్తే ఏం చెయ్యాలో కూడా చెబుతాను. చేతిలో తాళాల గుత్తి పెట్టవద్దు. ఉల్లిపాయ వాసన చూపించవద్దు. నోట్లో చెంచా గాని, నీళ్లు గాని పెట్టవద్దు. చుట్టుపక్కల తగిలే వస్తువులు తీసేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఎంతసేపు వచ్చిందో గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చెయ్యండి.

ఇక ఏజెంటు తెచ్చే సర్టిఫికెట్టు సంగతి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రజలకు ప్రమాదం కలిగించే జబ్బు ఉన్నట్టు తెలిస్తే లైసెన్సు నిరాకరించాలి. ఇచ్చిన లైసెన్సును రద్దు కూడా చెయ్యవచ్చు. అబద్ధపు కాగితంతో తెచ్చుకున్న లైసెన్సు మీవారిని కాపాడదు. రేపు ఏదయినా జరిగితే కేసు ఆయన మీదికే వస్తుంది. ఏజెంటు మీదికి రాదు.

మన ఫారం విషయంలో నాకూ ఒక అసంతృప్తి ఉంది. బ్రిటన్‌లో ఫిట్సు వచ్చిన మనిషి మందులతో ఏడాదిపాటు రాకుండా ఉంటే మళ్లీ కారు నడపనిస్తారు. లారీకయితే మందులు లేకుండా పదేళ్లు రాకూడదంటారు. మన ఫారంలో అలాంటి గడువేదీ లేదు. ఉందా, లేదా అన్నదే ప్రశ్న. ఒకసారి ‘ఉంది’ అని రాస్తే బతుకంతా తలుపు మూసుకున్నట్టే అనుకుని జనం ‘లేదు’ అని రాసేస్తున్నారు. గడువు పెట్టి, డాక్టరు పర్యవేక్షణలో మళ్లీ అవకాశం ఇచ్చే నిబంధన ఉంటే దాచేవారు తగ్గుతారని నా అభిప్రాయం. అయినా మీవారి లారీ సంగతిలో ఆ నిబంధన వచ్చినా జవాబు మారదు.

ఆయనకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. లారీల ఆఫీసులో లోడు లెక్కలు, కాటా దగ్గర రాతపని, విడిభాగాల దుకాణం వంటివి చూడవచ్చు. ఎత్తున ఎక్కే పని, నిప్పు దగ్గర, బావి దగ్గర ఒంటరిగా చేసే పని మాత్రం వద్దు. మీరు ఆయన యజమానితో మాట్లాడటానికి సంకోచించవద్దు. సంపాదన తగ్గితే కష్టమే. మనిషే లేకుండాపోతే?

నాన్నగారి కళ్లు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61. రిటైరయిన టీచరు. స్కూటరు మీద పొలానికి, బజారుకు తిరుగుతారు. చీకటి పడితే ఎదుటి బండి లైటు కళ్లలో పడి ఏమీ కనపడటం లేదంటారు. పగలు బాగానే కనిపిస్తుందట. లైసెన్సు గడువు తీరి ఎనిమిది నెలలయింది. ‘ముప్ఫయ్యేళ్లుగా నడుపుతున్నాను, నాకు పరీక్షేమిటి?’ అని కోప్పడతారు. – ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: ముప్ఫయ్యేళ్ల అనుభవం చేతులకు వస్తుంది. కంటికి రాదు. కన్ను ఏటేటా పాతబడుతుంది.

మీరు రాసిన లక్షణాన్ని బట్టి చూస్తే కంటిలో పొర, అంటే శుక్లం మొదలయి ఉండవచ్చు. శుక్లం వచ్చిన కంట్లో ఎదుటి లైటు వెలుగు చెదిరిపోతుంది. దీపం చుట్టూ వలయాలు కనిపిస్తాయి. ఆ రెండు మూడు క్షణాలు రోడ్డు మీద నడుస్తున్న మనిషి గాని, పడుకున్న గేదె గాని కనపడదు. శుక్లానికి చుక్కల మందు పనిచెయ్యదు. ఆపరేషనే మార్గం. చిన్న ఆపరేషను. చూపు చాలావరకు తిరిగి వస్తుంది. ఆ తరవాత కంటి డాక్టరు సరేనన్నాకే బండి తియ్యాలి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. పట్టపగలు వీధిలో ఒక కారును నిలబెట్టండి. నంబరు ప్లేటు దగ్గర నుంచి 82 అడుగులు కొలవండి. అదే 25 మీటర్లు. నాన్నగారిని అక్కడ నిలబెట్టి, కళ్లజోడుతోనే, ఒక కన్ను మూయించి నంబరు చదవమనండి. తరవాత రెండో కన్ను. ‘పగలు బాగానే కనిపిస్తుంది’ అనేవారిలో ఎంతోమందికి ఒక కన్ను మందగించిందన్న సంగతి ఆ పూటే తెలుస్తుంది. ఎందుకంటే మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పిపుచ్చుతుంది.

ఈ పరీక్ష నెగ్గినా కంటి డాక్టరుకు చూపించడం మానవద్దు. నీటికాసులు అనే జబ్బులో నంబరు ప్లేటు చదవగలిగినా పక్కచూపు కొద్దికొద్దిగా పోతుంది. నొప్పి ఉండదు. సందులోంచి వచ్చే సైకిలు కనపడదు. నలభై దాటిన ప్రతివారూ కంటిలోని ఒత్తిడిని, నరాన్ని పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇక లైసెన్సు. గడువు తీరిన ఏడాదిలోపు రెన్యూవల్ చేయించుకోవచ్చు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగు పరీక్ష ఇవ్వాలి. కనుక మీకు ఇంకా నాలుగు నెలలే ఉంది. పూర్వం గడువు తీరాక 30 రోజులు నడుపుకోనిచ్చేవారు. 2019 సవరణలో అది తీసేశారు. కాబట్టి ఈలోపు ఆయన బండి తియ్యకూడదు. 55 ఏళ్లు దాటినవారికి లైసెన్సు అయిదేళ్లకే ఇస్తారు. ఇది పెద్దవారిని అవమానించడానికి పెట్టింది కాదు. అయిదేళ్లకొకసారయినా కళ్లు చూపించుకుంటారని పెట్టింది. నాన్నగారికి ఆ విధంగా చెప్పి చూడండి. టీచరుగారు గదా, పరీక్ష ఎందుకు పెడతారో ఆయనకు తెలియనిది కాదు.

షుగరు ఉన్న ఆటో డ్రైవరు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. షుగరుకు ఉదయం మాత్రలు, రెండుపూటలా ఇన్సులిను వాడుతున్నాను. బేరాలు ఎక్కువ ఉన్నరోజు మధ్యాహ్నం మూడయినా అన్నం తినను. అప్పుడప్పుడు చెమటలు పట్టి, చేతులు వణికి, తల దిమ్ముగా ఉంటుంది. టీ తాగితే సర్దుకుంటుంది. ఆటో నడపవచ్చా? – ఒక పాఠకుడు, కంభం

జవాబు: షుగరు ఉన్నంత మాత్రాన ఆటో నడపకూడదని లేదు. కానీ మీరు నడుపుతున్న పద్ధతిలో నడపకూడదు.

మీకు వస్తున్నది చక్కెర పడిపోవడం. ఇన్సులిను పొడుచుకుని, సమయానికి అన్నం తినకపోతే రక్తంలో చక్కెర 70 కంటె తగ్గుతుంది. మొదట చెమట, వణుకు, గుండెదడ, ఆకలి. అప్పటికీ పట్టించుకోకపోతే మాట తడబడుతుంది. ఎటు వెళుతున్నామో తెలియదు. చూసేవారు తాగి నడుపుతున్నాడనుకుంటారు. చివరకు స్పృహ తప్పుతుంది.

ఈ నియమాలు పాటించండి:

ఇన్సులిను వేసుకున్న పూట అన్నం ఆలస్యం చెయ్యవద్దు. బేరం పోయినా సరే.

బండి తీసేముందు వేలి చుక్కతో చక్కెర చూసుకోండి. 90 కంటె తక్కువ ఉంటే ముందు ఏదయినా తినండి. ఎక్కువసేపు నడిపేటప్పుడు రెండు గంటలకొకసారి చూసుకోండి.

ఆటోలో ఒక డబ్బాలో పంచదార గాని, గ్లూకోజు పొడి గాని ఎప్పుడూ ఉంచుకోండి. వణుకు మొదలవగానే బండి పక్కకు ఆపి, ఇంజను ఆపి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. చక్కెర లేని టీ వల్ల ప్రయోజనం లేదు. తరవాత రెండు బిస్కట్లో, అరటిపండో తినండి. తేరుకున్నట్టు అనిపించినా ముప్పావుగంట దాకా బండి తియ్యవద్దు. మెదడు పూర్తిగా తేరుకోవడానికి అంతసేపు పడుతుంది.

వారానికి ఒకటి రెండుసార్లు ఇలా వస్తుంటే మోతాదు మార్చాలన్నమాట. మీ డాక్టరుకు చెప్పండి. ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా స్పృహ తప్పే స్థితికి వచ్చినవారు మాత్రం ఆ సంగతి చక్కబడేదాకా ఆటో మానుకోవాలి. ఏటా ఒకసారి కంటి వెనక పొరను, పాదాల స్పర్శను చూపించుకోండి. పాదానికి స్పర్శ లేకపోతే బ్రేకు ఎంత తొక్కుతున్నారో తెలియదు.

నిద్రను జయించవచ్చా?

ప్రశ్న: నేను కిరాయి కారు డ్రైవరును. వయసు 33. పెళ్లిళ్ల రోజుల్లో వరసగా రెండు రాత్రులు నడపాల్సి వస్తుంది. టీ, సిగరెట్టు, పాటలతో నెట్టుకొస్తున్నాను. తోటి డ్రైవరొకడు నిద్ర రాకుండా మాత్ర ఇస్తానన్నాడు. వేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఎర్రగొండపాలెం

జవాబు: వద్దు. ఆ మాత్ర నిద్రను తీసెయ్యదు. అప్పుపెట్టి వాయిదా వేస్తుంది. మందు ప్రభావం దిగగానే మొత్తం వడ్డీతో సహా ఒక్కసారి మీద పడుతుంది. గుండెకు, మనసుకు కూడా హాని.

నిద్రను ఎవరూ జయించలేరు. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానమని పరీక్షల్లో తేలింది. మన చట్టం ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే. అంటే చుక్క ముట్టకుండానే మీరు హద్దు దాటారన్నమాట. పోలీసు గొట్టంలో ఊదిస్తే మాత్రం ఏమీ కనపడదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ నాలుగు సెకన్లు కన్ను మూతపడితే బండి 66 మీటర్లు, అంటే 200 అడుగులకు పైగా, డ్రైవరు లేకుండా పోయినట్టే. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే దారిలో అన్ని అడుగులు నేరుగా ఉన్న రోడ్డు ఎంత ఉంటుంది?

తెల్లవారుజామున రెండింటి నుంచి అయిదింటి దాకా, మధ్యాహ్నం భోజనమయ్యాక, ఈ రెండు వేళల్లోనూ నిద్ర బలంగా వస్తుంది. వరసగా ఆవలింతలు, కళ్లు మంటలు, వచ్చిన దారి గుర్తులేకపోవడం, బండి రోడ్డు అంచుకు జారడం – ఇవి హెచ్చరికలు. అద్దం దింపి గాలి తగిలించుకోవడం, పాటల మోత పెంచడం కొద్ది నిమిషాలకు మించి పనిచెయ్యవు. మంచి చోట ఆపి, ఒక కాఫీ తాగి, 15, 20 నిమిషాలు కునుకు తియ్యండి. లేచేసరికి కాఫీ పనిచెయ్యడం మొదలుపెడుతుంది. ఇది ఆ పూట గండం గడవడానికే. అసలు మందు రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పని హద్దు పెట్టింది. అయిదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. పెళ్లివారు ఇది చదివితే వారికీ ఒక మాట: మీ చుట్టాలు మేడ మీద నిద్రపోతున్నప్పుడు డ్రైవరు పడుకోవడానికి కూడా ఒక చాప, ఒక ఫ్యాను చూపించండి. తెల్లారి మీ ప్రాణాలు ఆయన చేతిలోనే ఉంటాయి.

మరొక సంగతి. జలుబుకూ దురదలకూ వాడే మాత్రల్లో, దగ్గు మందుల్లో కొన్ని మత్తు తెస్తాయి. మందుల షాపులో ‘నేను డ్రైవరును’ అని చెప్పి కొనుక్కోండి. లావుగా ఉండి, గట్టిగా గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారు ఎన్ని గంటలు పడుకున్నా పగలు తూగుతుంటారు. అది జబ్బు. దానికి చికిత్స ఉంది.

మెడ తిరగడం లేదు

ప్రశ్న: వయసు 52. ట్రాక్టరు నడుపుతాను. మెడ, నడుము బిగుసుకుపోయాయి. వెనక్కి చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. మా ఊళ్లో బోరు నీళ్లే తాగుతాం. ఇది ఫ్లోరైడు వల్లనా? – ఒక పాఠకుడు, కనిగిరి వద్ద పల్లె

జవాబు: కావచ్చు. మీ ప్రాంతానికి ఇది కొత్త జబ్బు కాదు. 1937లోనే వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి రాశారు. మీ కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోదే. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంటే, ఏళ్ల తరబడి తాగినవారికి ఎముకలు, కీళ్ల బంధనాలు గట్టిపడతాయి. మెడ, వెన్ను కర్రలా అయిపోతాయి.

అయితే మెడ బిగుసుకోవడానికి ఎముకల అరుగుదల వంటి కారణాలు కూడా ఉన్నాయి. ఎక్సురే తీయించండి. నీళ్లను పరీక్ష చేయించండి. గట్టిపడిన ఎముక మళ్లీ మామూలు కాదు. కానీ నీళ్లు మారిస్తే ముదరకుండా ఆగుతుంది. తాగడానికీ, వంటకూ కూడా మంచి నీళ్లే వాడాలి. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు తీసుకోండి.

డ్రైవరుకు మెడ కూడా ఒక కన్నే. ట్రాక్టరుకు రెండు వైపులా పెద్ద అద్దాలు పెట్టించండి. వెనక్కి తీసేటప్పుడు ఒక మనిషిని కింద నిలబెట్టండి. కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం, మూత్రం సరిగా రాకపోవడం కనిపిస్తే వెన్నుపాము నొక్కుకుంటున్నదన్నమాట. అప్పుడు ట్రాక్టరు దిగి, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రంగులు పోల్చుకోలేను

ప్రశ్న: వయసు 22. ఎరుపు, ఆకుపచ్చ రంగులు కొంచెం తికమకగా కనిపిస్తాయి. ఒక ఉద్యోగం పరీక్షలో ఈ కారణంగానే తీసేశారు. లైసెన్సు కూడా రాదా? – ఒక పాఠకుడు, గిద్దలూరు

జవాబు: నిరాశ పడవద్దు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం నిబంధన సవరించింది. రంగుల లోపం స్వల్పంగా గాని, మధ్యరకంగా గాని ఉంటే లైసెన్సు ఇస్తారు. తీవ్రంగా ఉంటేనే ఇవ్వరు. కంటి డాక్టరు దగ్గర చుక్కల పుస్తకంతో పరీక్ష చేయించుకుని ఏ రకమో రాయించుకోండి. ఇది పుట్టుకతో వచ్చే లోపం. మగవారిలోనే ఎక్కువ. మందు లేదు, పెరగదు కూడా. సిగ్నలులో పై దీపం ఎరుపు, కింది దీపం ఆకుపచ్చ అని స్థానాన్ని బట్టి గుర్తుంచుకోండి. రేచీకటి మాత్రం వేరు. రాత్రిపూట తడుముకునేవారు, ముఖ్యంగా మేనరికపు సంబంధాల్లో పుట్టినవారు, కంటి వెనక పొరను తప్పకుండా చూపించుకోవాలి.

‘8’ చూస్తే వణుకు

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. స్కూటీ బాగా నడుపుతుంది. కానీ పరీక్షలో ‘8’ వెయ్యమనేసరికి చేతులు వణికి రెండుసార్లు తప్పింది. డబ్బిస్తే పరీక్ష లేకుండా ఇప్పిస్తామంటున్నారు. ధైర్యానికి మాత్ర ఏమయినా ఉందా? – ఒక తల్లి, మార్కాపురం

జవాబు: మాత్ర వద్దు, డబ్బూ వద్దు. పరీక్షలో వణుకు జబ్బు కాదు. అలవాటు లేకపోవడమే. ఖాళీ స్థలంలో సున్నంతో ‘8’ గీసి, రోజూ అరగంట చొప్పున పది రోజులు తిప్పించండి. చక్రం వంక కాకుండా, తిరగబోయే వైపు చూడమనండి. ముందురోజు కంటినిండా నిద్ర, ఆ ఉదయం కడుపుకింత టిఫిను. బండి ఎక్కేముందు నాలుగుసార్లు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలితే చాలు. తప్పిన ఏడు రోజుల తరవాత మళ్లీ పరీక్షకు వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగాలి. కనుక ఈసారి తొందరపడి వెళ్లకండి.

నేర్చుకునేవారికి ఇప్పుడు మరో మార్గం కూడా ఉంది. 2021 జూలై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవింగు శిక్షణ కేంద్రాల నిబంధనలు అమలులోకి వచ్చాయి. కారుకు నాలుగు వారాల్లో 29 గంటలు, లారీ వంటి పెద్ద వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటలు నేర్పి, అక్కడే పరీక్ష పెడతారు. అది నెగ్గినవారికి రవాణా కార్యాలయంలో మళ్లీ డ్రైవింగు పరీక్ష ఉండదు. మంచి ఆలోచనే. నేర్పేవారే పరీక్ష పెట్టేటప్పుడు గంటలు కాగితం మీద కాక రోడ్డు మీద గడవాలి, అంతే.

అమ్మాయికి ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్టు కొనివ్వండి. పట్టీ బిగించుకోని హెల్మెట్టు కిందపడగానే ఊడిపోతుంది. చున్నీ చివరలు నడుముకు ముడి వేసుకోమనండి. చక్రంలో చున్నీ చిక్కి మెడ బిగుసుకున్న కేసులు ఆసుపత్రుల్లో చూస్తూనే ఉన్నాం.

నా సంతకం గురించి

పైన ఏజెంట్లను తప్పుపట్టాను. న్యాయంగా చెప్పాలంటే ఆ కాగితం మీద సంతకం ఏజెంటుది కాదు, డాక్టరుది. కనుక నా సంగతి కూడా చెప్పుకోవాలి.

ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో తెలిసినవాడొకడు నాలుగయిదు ఫారాలు తెచ్చి, ‘మనుషులు బయట ఉన్నారండీ, రష్‌గా ఉంది, సంతకం పెట్టెయ్యండి’ అన్నాడు. బయట బెంచీ నిండా జ్వరాలవాళ్లు. పెట్టేశాను. కొన్ని నెలల తరవాత ఒకాయన కాలి పుండు చూపించుకోవడానికి వచ్చాడు. ఎడమ కంట్లో తెల్లని పువ్వు. ఆ కంటికి ఏమీ కనపడదు. ఏం పని చేస్తావని అడిగితే జీపు నడుపుతాను, సర్టిఫికెట్టు మీరే ఇచ్చారు గదా సార్ అని నవ్వాడు. ఆ ఫారంలో ‘అభ్యర్థిని నేను స్వయంగా పరీక్షించాను’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. దూరపు చూపును, వినికిడిని, కాళ్లూ చేతుల కీళ్లను ప్రత్యేకంగా చూశానని కూడా ఉంది. వాటి కిందే నా సంతకం. అతనివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అది నా అదృష్టం. నా మంచితనం కాదు. ఆ రోజు నుంచి మనిషి ఎదురుగా లేకుండా ఆ ఫారం ముట్టుకోలేదు.

సరిగా చూస్తే ఆ పరీక్షకు పది, పదిహేను నిమిషాలు చాలు. అక్షరాల బోర్డు, రంగుల పుస్తకం, రక్తపోటు, చక్కెర, మెడ, చేతులు, కాళ్లు, నాలుగు ప్రశ్నలు. ఆ పది నిమిషాల్లో మొదటిసారి షుగరు బయటపడినవారు, శుక్లం తెలిసినవారు ఎందరో ఉన్నారు. లైసెన్సు మాట ఎలా ఉన్నా, మీకు అది తక్కువ ఖర్చులో దొరికే ఆరోగ్య పరీక్ష. దాన్ని ఏజెంటు చేతికి వదిలి పోగొట్టుకుంటున్నారు. డాక్టరు చూడకుండా సంతకం పెట్టబోతే, ‘నన్ను పరీక్ష చెయ్యండి’ అని మీరే అడగండి. ఆ హక్కు మీకుంది.

రవాణా కార్యాలయం ఎప్పుడు పిలుస్తుందా అని కూడా చూడవద్దు. 30 ఏళ్ల లోపు లైసెన్సు తీసుకున్నవారిని 40 వచ్చేదాకా ఎవరూ అడగరు. ఈలోపు ఒంట్లో ఎన్నో మారతాయి. ఏడాదికొకసారి, ఆయుధపూజకు బండి కడిగి బొట్టు పెట్టే రోజున, నడిపే మనిషిని కూడా ఒకసారి చూసుకోండి. 82 అడుగుల నుంచి నంబరు ప్లేటు చదవండి. మెడ రెండు వైపులా తిప్పి చూడండి. ఈ ఏడాదిలో ఎప్పుడయినా స్పృహ తప్పిందా, స్టీరింగు దగ్గర కునుకు పట్టిందా అని మీకు మీరే నిజం చెప్పుకోండి. ఏ ఒక్కదానికి జవాబు బాగా లేకపోయినా, తాళంచెవి పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు రండి.